కుటుంబ కారణాల దృష్ట్యా

"కిటికీ వేసిందెవరు?" అన్నాడు స్టోరుకీపరు, ఇంకా చెప్పులు విప్పకుండానే.

"గాలి," అంది వాళ్ళమ్మ కుర్చీలోంచి.

"గాలి గడియ కూడా పెట్టి పోయిందా?"

"మర్యాద తెలిసిన గాలి. పొద్దున్న నువ్వు బార్లా తెరిచిపోతే రోడ్డు మీది దుమ్మంతా నా ఒళ్ళోనే. ఆ గాలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. అయినా నిన్న నువ్వేగా అన్నావు, కిటికీ నీ ఇష్టమమ్మా అని!"

"నేనా? చస్తే అనను."

"అన్నావు."

"అనలేదు."

"అయితే చదివిద్దాం పట్టు." ఆవిడ వంటింటివైపు గొంతు పెంచింది. "అమ్మాయ్! ఒకసారి ఇలా వచ్చి నిన్నటి మాట చదివి వెళ్ళు."

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె ఒక కంపెనీలో స్టెనోగ్రాఫరు. వీధిలో అందరూ స్టెనోగారనే పిలుస్తారు. కోపం వచ్చినప్పుడు అత్తగారూ అలాగే పిలుస్తుంది. ఎవరు మాట్లాడుతున్నా ఆమె కుడిచేతి చూపుడువేలు ఊరుకోదు. బల్ల మీదో, డబ్బా మూత మీదో, ఏదీ దొరక్కపోతే తన మోకాలి మీదో, విన్నదాన్నల్లా సన్నగీతలుగా, లావుగీతలుగా, చుక్కలుగా రాసుకుంటూ పోతుంది. ఏళ్ళ తరబడి షార్ట్‌హ్యాండు రాసిన వేలు మరి. ఆ వేలు ఒకసారి రాసిందంటే ఆమె ఇక మర్చిపోదని ఇంటిల్లిపాదికీ నమ్మకం. అందుకని ఆ ఇంట్లో ఎవరేమన్నారన్న పేచీ వస్తే ఒట్లు పెట్టుకోరు. చదివించుకుంటారు.

స్టెనోగారు కళ్ళు మూసుకుంది. బస్సుల వేళలు చదివేవాళ్ళ గొంతుతో, ఎక్కడా ఎత్తూ పల్లమూ లేకుండా అప్పజెప్పింది.

"‘కిటికీ సంగతి నన్నడక్కమ్మా. నీ ఇష్టం. ఆ కిటికీ నీదే అనుకో.’"

"విన్నావా?" అంది అత్తగారు.

స్టోరుకీపరు బుర్ర గోక్కున్నాడు. "ఇంత మెత్తగా అన్నానా?"

"రాసుంటే ఇంకా అడుగుతావేంరా?"

"ఎక్కడ రాసుందమ్మా?"

"దాని వేలి మీద!"

అద్దంలో ఇంకెవరి ముఖమో కనబడ్డ మనిషిలా ఆయన కాసేపు అక్కడే నిలబడి, చెప్పులు విప్పుకుని లోపలికి పోయాడు.

నిన్న ఆయన నిజానికి అన్నది వేరు. ‘కిటికీ సంగతి నన్నడక్కు. నీ ఇష్టమొచ్చినట్టు ఏడు. ఆ కిటికీ ఊడబెరికి నెత్తిన పెట్టుకో’ అన్నాడు. ఆ ముందూ వెనకా ఇంకేదో చాలా గొణిగాడు. గొణుగుడుని స్టెనోగారు ఎప్పుడూ లెక్కలోకి తీసుకోదు.

ఇదంతా నిన్న పక్కగదిలోంచి విన్న కూతురు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కాలేజీలో చదువుతున్న పిల్ల. మనిషి పిడికెడు, మాటలు బండెడు. ఇంట్లో పిలుపు పిచ్చుక.

"అమ్మా, నాన్న నిన్న అన్నది అది కాదు."

"సారాంశం అదే."

"నెత్తిన పెట్టుకోమంటే సారాంశం ‘నీదే అనుకో’ అనా?"

"నెత్తిన పెట్టుకునేది మనదే కదా," అంది స్టెనోగారు, పొయ్యి మంట తగ్గిస్తూ.

*

ఇది ఆమెకి ఆఫీసులో అబ్బిన విద్య. నీటి మోటార్లు తయారుచేసే ఆ కంపెనీలో యజమాని గదికి ఆనుకుని, గాజు తలుపు పక్కన ఆమె బల్ల. యజమానిని అందరూ పెద్దాయన అంటారు. పొద్దున్నే రాగానే పెన్సిళ్ళు చెక్కుకోవడం, పుస్తకంలో రాయాల్సిన పేజీ దగ్గర రబ్బరు బ్యాండు పెట్టుకోవడం, లోపలినుంచి గంట వినబడగానే వెళ్ళి కుడివైపు కుర్చీలో మోకాలి మీద పుస్తకంతో కూర్చోవడం.

పెద్దాయన కూర్చుని చెప్పలేడు. కిటికీకీ బీరువాకీ మధ్య పచార్లు చేస్తూ, కళ్ళు మూసుకుని చెప్తాడు. మధ్యలో ఫోను వస్తే అందులో వాళ్ళని నాలుగు దులిపి, అదే ఊపులో మళ్ళీ ఉత్తరంలోకి దిగుతాడు. ఏ తిట్టు ఫోనుకి చెందింది, ఏ తిట్టు ఉత్తరానికి చెందింది అని తేల్చుకోవడం స్టెనోగారి పని. దారి తప్పినప్పుడు ఆయన ఆగి, "ఎక్కడున్నాం?" అంటాడు. ఆఖరి ముక్క ఆమె చదువుతుంది. తన మాటే చల్లారి తనకి వినబడేసరికి పెద్దాయన చాలాసార్లు, "అది కొట్టెయ్యండి" అంటాడు.

కొట్టెయ్యమనకపోతే దానికీ ఒక ఉపాయం ఉంది. కోపం ఉత్తరాల రోజున ప్రింటరు పనిచెయ్యదు. మర్నాడు పెద్దాయన కాస్త బెరుగ్గా తలుపులోంచి తొంగిచూసి, "నిన్నటి ఉత్తరం వెళ్ళిపోయిందా?" అంటాడు. "ప్రింటరు మొరాయించిందండీ" అంటుంది స్టెనోగారు. "పోన్లెండి, మళ్ళీ చెప్తాను" అని ఆయన ఊపిరి పీల్చుకుంటాడు. ప్రింటరు బాగుచేసే అతను అప్పుడప్పుడూ వచ్చి, మూత తీసి, మూత పెట్టి, టీ తాగి, "దీనికేమీ రోగం లేదండీ" అని వెళ్ళిపోతాడు.

అలాగని ఆమెకి కట్టుబాట్లు లేవనుకుంటే పొరపాటు. కోపంలో చెప్పించిన ఉత్తరం ఆపవచ్చు. చల్లటి బుర్రతో చెప్పినది అదేరోజు, అక్షరం మార్చకుండా వెళ్ళాలి. రెండోది మరీ గట్టిది. డిక్టేషను ఆఫీసు గడప దాటదు. ఆమె భర్త అదే కంపెనీలో, కింద స్టోర్సులో స్టోరుకీపరు. అయినా పోయిన ఏడు బోనసు సంగతి ఆయన కూడా అందరితోపాటు బోర్డు మీదే చదువుకుని, రెండురోజులు మూతి ముడుచుకుని తిరిగాడు. "పక్కలో పడుకునే మనిషికి కూడా చెప్పవా?" అంటే, "పక్కలో నేను స్టెనోని కాదండీ" అంది.

*

కిటికీ పేచీ జరిగిన మర్నాడు పెద్దాయన మంచి హుషారు మీద ఉన్నాడు. డీలర్లకి రెండు ఉత్తరాలు చెప్పాడు, ఒక్క తిట్టయినా లేకుండా. ఆ తర్వాత ఒక ఆర్డరు.

"స్టోరుకీపరుగారు స్వయంగా కోరిన మీదట," అన్నాడు, కళ్ళు మూసుకుని బీరువావైపు నడుస్తూ, "కుటుంబ కారణాల దృష్ట్యా, ఆయనను కొండ మీది బ్రాంచికి బదిలీ చేయడమైనది. వచ్చే ఒకటో తారీకున..."

స్టెనోల చెయ్యి మనసుకంటే ముందు నడుస్తుంది. చెయ్యి రాసేసింది. మనసు వెనకాల నింపాదిగా వచ్చి చదువుకుంది.

పెన్సిలు ములుకు పుటుక్కున విరిగింది.

ఆ గదిలో ఎన్నడూ వినబడని చప్పుడది. పెద్దాయన కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఎవరు కూర్చుని ఉన్నారో అప్పటికి గుర్తొచ్చింది.

"ఎక్కడున్నాం?" అన్నాడు నీళ్ళు నములుతూ.

"‘కుటుంబ కారణాల దృష్ట్యా’ దాటామండీ," అంది ఆమె ఇంకో పెన్సిలు తీసుకుని.

"ఆ కుటుంబం అంటే మీరే కదూ!"

"డిక్టేషనులో కారణాలు అడగనండీ."

"మొన్న మీరు సెలవు పెట్టారు చూడండి, అమ్మాయికి పన్ను తీయించడానికి. ఆ రోజు వచ్చాడు. ఈ సంగతి మూడో మనిషికి తెలియకూడదన్నాడు. ముఖ్యంగా..."

"ఇది కూడా రాసుకోవాలాండీ?"

"వద్దొద్దు! ఆర్డరు రేపు బోర్డు మీద పెట్టించండి, చాలు." పెద్దాయన కిటికీవైపు తిరిగిపోయాడు. ఆ రోజు ఇంక ఎవరికీ ఉత్తరాలు చెప్పలేదు.

స్టెనోగారు తన బల్ల దగ్గర కూర్చుని ఆలోచించింది. తను లేని రోజు చూసుకుని, పిల్లిలా మెట్లెక్కి వచ్చి, రహస్యంగా ఉంచమని బతిమాలుకున్నాడు ఈ మనిషి. ఆ ఆఫీసులోంచి ఏ కాగితం బయటికి రావాలన్నా అది తన పెళ్ళాం వేళ్ళ మీదుగానే రావాలన్న సంగతి ఆయన బుర్రకి తట్టనే లేదు. పప్పులో కాలెయ్యడం విన్నది కానీ, ఇలా గిన్నెలో దిగి కూర్చున్నవాణ్ణి ఇప్పుడే చూస్తోంది.

నవ్వు వచ్చింది. ఆ వెనకే ఉక్రోషమూ వచ్చింది. ఏం తక్కువైందని పోతున్నాడు? కొండ మీది బ్రాంచి అంటే రాత్రి బస్సెక్కితే తెల్లారాక చేరే దూరం. నెలకోసారి వస్తే గొప్ప.

ఏ భార్యయినా అయితే సాయంత్రం ఇంటికెళ్ళి గిన్నెలు మోగించి, నిలదీసి అడిగేది. తనకి ఆ భాగ్యమూ లేదు. తనకి తెలిసింది డిక్టేషనులో. డిక్టేషను గడప దాటదు. ఆయన తన నోటితో తానే చెప్పాలి.

నోరు విప్పకూడదు, సరే. చేతులు కదపకూడదని ఎవరన్నారు?

*

ఆ సాయంత్రం స్టోరుకీపరు ఇంటికి వచ్చేసరికి బీరువా మీది పెద్ద సూట్‌కేసు కిందికి దిగి ఉంది. మూత తెరిచి, గుడ్డతో తుడిచి, ముందు గదిలో ఫ్యాను కింద ఆరబెట్టి ఉంది.

"ఇదేంటి?"

"సూట్‌కేసండీ."

"అది తెలుసులే. ఎందుకు దింపావని?"

"పైన ఉండి ఉండి ముక్కవాసన వస్తోంది. వస్తువన్నాక ఎప్పుడు ఏ అవసరం పడుతుందో."

ఆయన సూట్‌కేసుని చుట్టి లోపలికి పోయాడు.

మర్నాడు ఆయన ఊలు స్వెట్టరు, మెడకి చుట్టుకునే మఫ్లరు దండెం మీదికి ఎక్కాయి. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఆ రాత్రి భోజనాలవగానే ఆమె సూదీ దారం పట్టుకొచ్చి పక్కన కూర్చుంది.

"ఇదిగో, బొత్తాం కుట్టడం నేర్చుకోండి."

"ఇప్పుడా? నాకెందుకు?"

"ఎవరి బొత్తాం వాళ్ళు కుట్టుకుంటే మంచిది కదండీ. పక్కన ఎప్పుడూ మనుషులుంటారా?"

ఆయన సూదిలో దారం ఎక్కించబోయి వేలికి గుచ్చుకున్నాడు. భార్య ముఖంలోకి చూశాడు. అందులో బస్సుల వేళలు తప్ప ఇంకేమీ లేవు.

తెలిసిపోయిందేమో? తెలిస్తే అడగదా? అడగలేదంటే తెలియలేదు. తెలియకపోతే మఫ్లరు ఎందుకు? ఈ ప్రశ్నల మధ్య ఆయన పెద్దాయనలాగే పచార్లు చేశాడు. నీకెలా తెలిసిందని అడిగితే, ఏం తెలిసిందని అడుగుతుంది. అప్పుడు చెప్పాలి. మర్నాడు పొద్దున తనంతట తానే గుడ్లు ఉడకబెట్టడం నేర్చుకుంటానన్నాడు. అవి పగిలి నీళ్ళన్నీ నురగలు కట్టాయి. "పరవాలేదు, ఒక్కడికే అయితే ఇలాగైనా తినొచ్చు," అంది స్టెనోగారు.

ఇదంతా బాగానే నడుస్తోంది కానీ, ఆమె లెక్కలో ఒక మనిషిని మరిచిపోయింది. అత్తగారు ముందుగదిలో కూర్చుని సూట్‌కేసునే చూస్తోంది. చూసి చూసి వంటింట్లోకి వచ్చి తలుపు వేసింది. ఆ ఇంట్లో ముఖ్యమైన మాటలన్నిటికీ వంటింటి తలుపు మూతపడుతుంది.

"అమ్మాయ్, నిజం చెప్పు. వెళ్ళిపోతున్నావా?"

"నేనా అత్తయ్యా?"

"మరి ఆ సూట్‌కేసు ఎవరిది, నాదా? కిటికీ కోసం కొంప వదిలిపోతావుటే? తల్లీకొడుకులం అన్నాక మేం నూరు అనుకుంటాం. మధ్యలో నిన్ను పిలిచి చదివించడం నాదే తప్పు, పో. విసుగు పుట్టదూ మరి!"

"అదేం కాదత్తయ్యా."

"మరేంటో చెప్పు."

"చెప్పకూడదు."

అంతే. ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఆ మధ్యాహ్నంనుంచే కిటికీ బార్లా తెరుచుకుంది. మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, తుమ్ముతూ, కిటికీ పక్కనే కాపలా కూర్చుంది. కొడుకు రాగానే రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కుపోయింది. "ఒరేయ్, కాళ్ళో వేళ్ళో పట్టుకో. ఎలాగైనా ఆపు."

"ఎవర్నమ్మా?"

"ఎవర్నంటావేంరా, మొద్దు వెధవా! సూట్‌కేసు కళ్ళెదురుగా కనబడుతుంటే!"

తల్లికి కూడా తెలిసిపోయిందనుకున్నాడు స్టోరుకీపరు. తనని తనే ఆపుకోమంటోందేమిటో మాత్రం అర్థం కాలేదు.

*

ఆర్డరు మటుకు బోర్డు ఎక్కలేదు. "ప్రింటరు మొరాయించిందండీ," అంది స్టెనోగారు మొదటిరోజు. రెండోరోజూ అదే మాట అంది. అంటున్నప్పుడు పెన్సిళ్ళ డబ్బావైపు చూసింది. చల్లటి బుర్రతో చెప్పిన కాగితం ఆమె బల్ల దగ్గర ఇలా పడి ఉండటం ఇదే మొదలు. సొంత కట్టుబాటుని సొంత వేళ్ళతో తప్పుతున్నానన్న సంగతి ఆమెకి అన్నం తింటున్నా గుర్తొస్తోంది. కూతురు రెండుసార్లు అడిగింది, "ఏంటమ్మా, నీ వేలు ఊరికే అవే గీతలు మళ్ళీ మళ్ళీ గీస్తోంది?" అని.

పెద్దాయన గాజు తలుపు దగ్గర నిలబడి ప్రింటరుని తేరిపార చూశాడు.

"స్టెనోగారూ, దీనికి నా కోపం ఉత్తరాలే పడవనుకున్నాను. ఈమధ్య మామూలువి కూడా పడటం లేదా?"

ఆమె తల ఎత్తలేదు. ఇన్నేళ్ళూ ఆయనకి తెలుసన్నమాట!

"తెలిసి ఊరుకున్నాను," అన్నాడు ఆయన అడక్కుండానే. "ఆ ఉత్తరాలు వెళ్ళి ఉంటే ఈపాటికి మన మోటార్లు కొనేవాడు ఒక్కడూ మిగిలేవాడు కాడు. కానీ ఇది నా కోపం కాదమ్మా, ఆయన కోరిక. రేపు పొద్దున పది గంటలకి బోర్డు మీద ఉండాలి."

"ఉంటుందండీ," అంది స్టెనోగారు. అన్నాక ఇక తిరుగు లేదు.

*

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర నలుగురూ కూర్చున్నారు. తెరిచిన కిటికీలోంచి గాలి వచ్చి, బల్ల మీది కాగితపు రుమాళ్ళని ఒక్కొక్కటే కింద పడేస్తోంది. అత్తగారు తుమ్మింది. తుమ్మి, కోడలి కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

"తిను, అమ్మాయ్. కిటికీ ఇంక జన్మలో ముట్టుకోను. తుమ్ములదేముంది, అవే అలవాటవుతాయి. నువ్వు మాత్రం ఇల్లు కదలకు."

"ఆవిడెక్కడికి వెళ్తుందమ్మా?" అన్నాడు స్టోరుకీపరు విసుగ్గా. "వెళ్ళేది నేనైతే!"

అన్నాక చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

స్టెనోగారు గరిటె గిన్నెలో పెట్టింది. హమ్మయ్య అనుకుంది. ఆయన నోటితోనే వచ్చింది. ఇప్పుడిది డిక్టేషను కాదు, ఇంటి మాట.

"ఎక్కడికండీ?" అంది, బొత్తిగా ఏమీ ఎరగనట్టు.

"కొండ మీది బ్రాంచికి. నేనే అడిగాను."

"నాన్నా!" అంది పిచ్చుక. "అమ్మ ఆఫీసులో అడిగి, అమ్మకి తెలియకూడదనుకున్నావా? ఆర్డరు ఎవరు టైపు చేస్తారనుకున్నావు, అటెండరా?"

స్టోరుకీపరు కూతురిని చూశాడు. భార్యని చూశాడు. సూట్‌కేసు, మఫ్లరు, సూది, గుడ్లు వరసగా ఆయన కళ్ళముందు నడిచిపోయాయి. అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "అంటే అదంతా..."

"నేనొక్క మాట కూడా అనలేదు," అంది స్టెనోగారు.

అత్తగారికి ఇప్పటికి సంగతి తలకెక్కింది. ఆవిడ ముఖం తేటపడింది. "నువ్వా వెళ్ళేది? ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా! అయితే నేనూ వస్తాను. అసలే చలి ఊరు, కిటికీలు వేసే దిక్కుండొద్దూ నీకు!"

"అమ్మా! దాన్నించి తప్పించుకుందామనే వెళ్తున్నాను!"

"నానించా?"

"నీనించి కాదు. అందరినించీ. ఈ ఇంట్లో నేనన్న మాట నాకు దక్కదు. నేను ఒకటంటాను, మర్నాడు చదివితే ఇంకొకటి అవుతుంది. చదివింపుల్లో నేను దేవుడిలాంటివాణ్ణి. కిటికీ నీదే అన్నానట. వంటింటికి రంగు వేయిస్తానన్నానట. ఎప్పుడన్నాను? ఎవరితో అన్నాను? అక్కడ ఎవరూ లేకపోయినా, కనీసం అన్నది అన్నట్టు ఉంటుంది!"

స్టెనోగారు కంచం పక్కకి జరిపి, ఎడమచేత్తో బల్ల తుడిచి, కుడిచేతి చూపుడువేలు బల్ల మీద ఆనించింది.

"చెప్పండి. రాసుకుంటాను."

"ఎలా రాస్తావో నాకు తెలియదా?"

"ఉన్నదున్నట్టు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఎన్నడూ ఎవరికీ డిక్టేషను ఇచ్చిన మనిషి కాదు. మొదలుపెట్టాక ఆగలేదు. అయిపోయాక ఆమె కళ్ళు మూసుకుని, అదే బస్సుల గొంతుతో చదివింది.

"‘ఆఁ... ఏంటంటే, అదీ, నేను. ఆ స్టోర్సు ఉంది చూడు, దానికి కిటికీ లేదు. ఒక్కటి కూడా లేదు. పొద్దున లోపలికి వెళ్తే బయట వానొచ్చిందో ఎండొచ్చిందో సాయంత్రం దాకా తెలియదు. ఇంటికొచ్చి కాస్త గాలి పీల్చుకుందామంటే గడియ పెట్టి ఉంటుంది. అది చెప్తే దుమ్ము అంటారు, మోకాళ్ళు అంటారు. ఎన్నిసార్లు చెప్పాలి? నా తలకాయ! నాకు గాలి కావాలి అంతే. ఇంకేం వద్దు. పిచ్చుకా, నవ్వకు.’"

పిచ్చుక నవ్వడం మానేసి చాలాసేపయింది.

"ఇలా అన్నానా?" అన్నాడు స్టోరుకీపరు చిన్న గొంతుతో. "ఆ ‘ఆఁ’ అన్నవీ అవీ... కొంచెం సర్దకూడదూ?"

"సర్దను."

"ఒరేయ్," అంది అత్తగారు, దుప్పటి కొసతో ముక్కు తుడుచుకుని. "స్టోర్సుకి కిటికీ లేదని నాకెప్పుడైనా చెప్పావుట్రా?"

"చెప్పానమ్మా. చాలాసార్లు చెప్పాను."

ఆవిడ కోడలివైపు చూసింది. పిచ్చుక కూడా తల్లివైపే చూసింది. స్టెనోగారు మాత్రం బల్లవైపు చూస్తోంది. గొణుగుడు అని తను వదిలేసినదంతా ఇదే. పేచీలో పనికిరాదని, సారాంశం కాదని, ప్రతిసారీ మొట్టమొదట తీసేసింది ఇదే. ఆమె వేలు మెల్లిగా బల్ల మీంచి లేచి గుప్పిట్లోకి వెళ్ళింది.

"చెప్పారు అత్తయ్యా," అంది. "నేనే చదవలేదు."

అత్తగారు కుర్చీని గీరుకుంటూ వెనక్కి జరిపింది. "నా కుర్చీ ఆ గోడవైపు వేస్తే దుమ్మెలా వస్తుందో చూస్తా. ఇంత చిన్న పనికి కొండెక్కడం ఎందుకు?"

"అయితే మీరు రారా, కొండ మీదికి?" అంది స్టెనోగారు, చాలా అమాయకంగా.

"వాడు వెళ్తే వెళ్తాను. ఒక్కణ్ణీ ఎలా వదులుతాను?"

స్టోరుకీపరు తల్లివైపు, సూట్‌కేసువైపు, మళ్ళీ తల్లివైపు చూశాడు. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"రేపు పొద్దున ఆఫీసు తెరవగానే పెద్దాయన గదికి వస్తాను. ఈసారి నువ్వు ఉండగానే. ఇప్పుడు రాసుకో."

వేలు గుప్పిట్లోంచి బయటికి వచ్చింది.

"నేను వెళ్ళడం లేదు. కిటికీ తెరిచే ఉంటుంది. వంటింటికి రంగు వేయించను. రాసుకున్నావా?"

"రాసుకున్నానండీ."

"ఏదీ, చదువు."

స్టెనోగారు కళ్ళు మూసుకుంది.

"‘నేను వెళ్ళడం లేదు. కిటికీ తెరిచే ఉంటుంది. వంటింటికి రంగు వేయించను. రాసుకున్నావా?’"